మొదటి ఐదుగురు

నేను డర్బన్ దగ్గర ఒక సెకండరీ స్కూల్లో లెక్కల టీచర్ని. సాయంత్రం పూట అమ్మాయిల బాస్కెట్‌బాల్ టీముకు కోచ్‌ని. నా తెలుగు గుడి తెలుగు. చిన్నప్పుడు చాట్స్‌వర్త్‌లో మా గుడి వెనక గదిలో, ప్రతి శనివారం పలక మీద దిద్ది నేర్చుకున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించండి. నాలాగే నేర్చుకుంటున్నవాళ్లు మాత్రం ధైర్యం తెచ్చుకోండి.

ఈ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు పండుగ గురించి రాద్దామనుకున్నాను. కానీ ఈ ఏడాది నాకు నిద్ర లేకుండా చేసింది పండుగ కాదు, ఒక చిన్న కాగితం. దాని మీద ఐదు నంబర్లు. మ్యాచు మొదలయ్యేటప్పుడు కోర్టులోకి దిగే ఐదుగురి నంబర్లు.

ఈ ఆట తెలియనివాళ్లకు కొంచెం చెబుతాను. ఒక టీములో ఒకేసారి ఐదుగురు ఆడతారు. ఇద్దరు గార్డులు. వాళ్లు బంతిని ముందుకు తెస్తారు. మిగతా ముగ్గురు, అంటే ఇద్దరు ఫార్వర్డులు, ఒక సెంటర్, బుట్టకు దగ్గరగా ఆడతారు. ఈ ముగ్గురిని కలిపి ఫ్రంట్‌కోర్ట్ అంటారు. రింగు నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. అందుకే ఈ ముగ్గురూ పొడుగ్గా ఉంటే మంచిది. కానీ పొడుగు ఒక్కటే చాలదు. బంతి గురి తప్పినప్పుడు ముందు ఎదుటి అమ్మాయికి వీపు ఆనించి చోటు కాచుకోవాలి. తర్వాతే బంతి కోసం ఎగరాలి. పొడుగు పుట్టుకతో వస్తుంది. చోటు కాచుకోవడం ఆడితేనే వస్తుంది.

పిల్లల పేర్లు రాయను. జెర్సీ నంబర్లతో చెబుతాను.

14వ నంబరు మా సెంటర్. మెట్రిక్ చదువుతోంది. పరుగు నెమ్మది, నోరు పెద్దది. కోర్టులో ఎవరు ఎక్కడ నిలబడాలో అరిచి చెబుతుంది. 9వ నంబరు పదకొండో తరగతి. ఆమె చోటు గురించి ఎవరికీ అనుమానం లేదు. 11వ నంబరు మా కెప్టెన్. ఆమె కూడా మెట్రిక్. నాలుగేళ్లుగా ఒక్క ప్రాక్టీసు కూడా మానలేదు. ప్రతి మ్యాచుకూ వాళ్ల గోగో టాక్సీ ఎక్కి వస్తుంది. గోగో అంటే జులూ భాషలో అవ్వ.

ఇక 7వ నంబరు. తొమ్మిదో తరగతి, 14 ఏళ్లు. అప్పుడే అందరికంటే పొడుగు. కానీ ఎదుటి అమ్మాయి బంతి వేస్తున్నట్టు నటిస్తే చాలు, గాల్లోకి ఎగిరిపోతుంది. కిందికి దిగేటప్పుడు ఆ అమ్మాయి మీదే పడుతుంది. అది ఫౌల్. మా ఆటలో ఐదు ఫౌళ్లయితే బయటికి వెళ్లాలి. ఒక ప్రాక్టీసు మ్యాచులో ఆమె 11 నిమిషాల్లో ఐదూ పూర్తి చేసింది.

14, 9 ఖాయం. మూడో చోటు 11కా, 7కా? ఈ రోజు ఎవరు బాగా ఆడతారు అని అడిగితే జవాబు సులభం. 11. మరి నాకు నిద్ర ఎందుకు పట్టలేదు?

2016లో జరిగింది గుర్తొచ్చింది. ఆ ఏడాది మా ఫ్రంట్‌కోర్ట్ ముగ్గురూ మెట్రిక్ అమ్మాయిలే. బాగా ఆడేవాళ్లు. ప్రతి మ్యాచూ వాళ్లతోనే మొదలుపెట్టాను, వాళ్లతోనే ముగించాను. సెమీఫైనల్ దాకా వెళ్లాం. ఆ ఫోటో ఇప్పటికీ స్టాఫ్ రూములో ఉంది. తర్వాత జనవరిలో వాళ్లు వెళ్లిపోయారు. బంతులు ఉన్నాయి, జెర్సీలు ఉన్నాయి, బోర్డు కింద నిలబడడం తెలిసిన అమ్మాయి ఒక్కరూ లేరు. మొదటి నాలుగు మ్యాచులూ ఓడిపోయాం. రెండేళ్లు బెంచీ మీద కూర్చున్న ఒక పొడుగు అమ్మాయి నా దగ్గరికి వచ్చి, "మ్యామ్, నేను చూడడం బాగా నేర్చుకున్నాను" అంది. మర్నాటి నుంచి నెట్‌బాల్‌కు వెళ్లింది.

ఆ మాట నాకు కొత్త కాదు. దాన్ని నేను గుడిలోనే నేర్చుకున్నాను.

మా గురువుగారు చాలా మంచివారు. వారమంతా బట్టల ఫ్యాక్టరీలో పని, శనివారం మాకు చదువు. ఒక్క సెంటు తీసుకోలేదు. ఉగాదికి, శ్రీరామనవమికి గుడిలో కార్యక్రమం ఉండేది. స్టేజీ మీద చదివేది ఎప్పుడూ ఆ నలుగురే. వాళ్లు గడగడ చదివేవారు. సభ చప్పట్లు కొట్టేది. మిగతా వాళ్లం వెనక చేతులు కట్టుకుని నిలబడేవాళ్లం. నేను ఆరేళ్లు అలా నిలబడ్డాను. ఆ నలుగురూ పెరిగారు. పెళ్లిళ్లయ్యాయి. ఇద్దరు జోహన్నెస్‌బర్గ్ వెళ్లారు, ఒకరు ఆస్ట్రేలియా వెళ్లారు, ఇంకొకరు తిరిగి రాలేదు. గురువుగారికి జబ్బు చేసినప్పుడు, క్లాసు ఎవరు తీసుకుంటారని పెద్దలు అడిగారు. మేము ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. అక్షరాలు మాకు వచ్చు. పదిమంది ముందు నోరు తెరవడం రాదు. క్లాసు ఆగిపోయింది. ఆ గదిలో కుర్చీలు పెట్టుకున్నారు.

గురువుగారిని తప్పు పట్టను. చెరకు తోటల్లో పని చేసినవాళ్ల పిల్లలం మేము. స్టేజీ మీద మా తెలుగు విని మావాళ్లు తల ఎత్తుకోవాలని ఆయన కోరిక. అందుకే బాగా వచ్చినవాళ్లనే ముందు పెట్టారు. 2016లో నేనూ అదే చేశాను. ఆయన ఇచ్చిన పెద్ద బాలశిక్ష నా దగ్గర మిగిలింది కాబట్టి నాకు ఈ కాస్త తెలుగు మిగిలింది.

మా అబ్బాయికి అమెరికా బాస్కెట్‌బాల్ పిచ్చి. వాడికి నా బాధ చెబితే శాన్ ఆంటోనియో స్పర్స్ కథ చెప్పాడు. 1997లో ఆ టీముకు టిమ్ డంకన్ అనే కుర్రవాడు వచ్చాడు. అక్కడ అప్పటికే డేవిడ్ రాబిన్సన్ అనే పెద్ద ఆటగాడు ఉన్నాడు. కోచ్ గ్రెగ్ పోపోవిచ్ కొత్తవాడిని బెంచీ మీద కూర్చోబెట్టలేదు. మొదటి రోజు నుంచి ఇద్దరినీ పక్కపక్కన ఆడించాడు. 1999లో ఆ టీము ఛాంపియన్ అయింది. 2003లో మళ్లీ గెలిచింది, రాబిన్సన్ ఆ గెలుపుతోనే ఆట మానేశాడు. డంకన్ ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు ఆడాడు. "కానీ అమ్మా, డంకన్ మొదటి రోజు నుంచే గొప్ప ఆటగాడు. నీ 7వ నంబరు డంకన్ కాదు" అన్నాడు మా అబ్బాయి. అదీ నిజమే.

చివరికి నాకు వచ్చిన పని చేశాను. లెక్క వేశాను. మా మ్యాచులో నాలుగు క్వార్టర్లు, ఒక్కొక్కటి 8 నిమిషాలు. మొత్తం 32. ఫ్రంట్‌కోర్ట్‌లో మూడు చోట్లు కాబట్టి పంచడానికి 96 నిమిషాలు ఉన్నాయి. 14కు, 9కి, 11కు తలా 24. అది 72. మిగిలిన 24లో 7కు 16, పదో తరగతి అమ్మాయి 5వ నంబరుకు 8. కాగితం మీద చూస్తే ఎవరికీ అన్యాయం కనిపించలేదు.

7ను మొదట దించాలనుకున్నాను. కారణాలు ఇవి. మ్యాచు మొదట్లో స్కోరు సున్నా. అప్పుడు చేసిన తప్పు దిద్దుకోవడానికి టైము ఉంటుంది. పక్కన 14 ఉంటుంది, "వెనక చూడు! చేతులు పైకి!" అని అరుస్తుంది. నాలుగు నిమిషాల తర్వాత 11 దిగుతుంది. అప్పటికి ఎదుటివాళ్లు కొంచెం అలసిపోతారు. చివరి క్వార్టరులో 11 తప్పకుండా కోర్టులో ఉంటుంది. మొదలుపెట్టేవాళ్లు వేరు, ముగించేవాళ్లు వేరు.

లెక్క బాగానే ఉంది. చెప్పిన తీరే తప్పు. గురువారం పొద్దున నోటీసు బోర్డు మీద ఐదు నంబర్లు అంటించి క్లాసుకు వెళ్లిపోయాను. 11 అందరి మధ్య నిలబడి దాన్ని చదివింది.

శుక్రవారం ప్రాక్టీసుకు వచ్చింది. అన్నీ చేసింది. ఒక్క మాట మాట్లాడలేదు. అందరూ వెళ్లాక బంతులు సంచిలో వేస్తూ అంది: "మ్యామ్, చోటు పోయిందని కాదు. నాకు చెప్పకముందు బోర్డుకు చెప్పారు."

28 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. తప్పు నాదే అన్నాను. నిమిషాల కాగితం తీసి చూపించాను. ఆమె మెల్లగా చదివింది. "చివర ఎవరు ఆడతారు?" అని అడిగింది. నువ్వే అన్నాను. "అయితే అది కూడా రాయండి" అంది. రాశాను. ఆ కాగితం మడిచి తన బ్యాగులో పెట్టుకుంది.

మొదటి మ్యాచులో 7 మూడు నిమిషాల్లో రెండు ఫౌళ్లు చేసింది. స్కోరు 9–2 అయింది. నా వెనక ఒక నాన్న గట్టిగానే అన్నాడు, "మ్యామ్‌కు ఏమైంది?" ఆరు పాయింట్లతో ఓడిపోయాం. రెండో మ్యాచు కూడా ఓడిపోయాం. మూడోది గెలిచాం. నాలుగో మ్యాచు నాటికి 7 ప్రతిదానికీ ఎగరడం మానింది. ఎలా అని అడిగితే, 14 చెప్పిందట: "ఆమె కళ్లు చూడకు, బంతి చూడకు. నడుము చూడు. నడుము అబద్ధం చెప్పదు." ఆ సంగతి నేను ఎన్నిసార్లు చెప్పానో. నా మాట ఎక్కలేదు, పక్కన నిలబడి ఆడే అక్క మాట ఎక్కింది.

కానీ ఒక సంగతి దాచకూడదు. మొదటి రెండు ఓటముల వల్ల మేము మా గ్రూపులో మూడో చోట మిగిలాం. పైకి వెళ్లేది ఇద్దరే. 14, 11 తమ చివరి ఏడాది సెమీఫైనల్ ఆడలేదు. 11ను మొదట దించి ఉంటే వెళ్లేవాళ్లమేమో. ఆ లెక్క నా ఖాతాలోనే ఉంటుంది.

చివరి మ్యాచు మా స్కూల్లో. గెలిచినా పైకి వెళ్లేది లేదు. ఆ రోజు 14, 11, 9లతో మొదలుపెట్టాను. ఈసారి బోర్డు మీద పెట్టకముందు 7ను పిలిచి చెప్పాను. ముఖం చిన్నబుచ్చుకుంది, అయినా తల ఊపింది. గోగో మ్యాచంతా నిలబడే చూసింది. చివర రెండు నిమిషాలు ఉండగా 14కు ఐదో ఫౌల్ అయింది. 7 దిగింది, 11 పక్కనే ఉంది. ఎదుటి టీము వేసిన బంతి గురి తప్పింది. 7 ఎగరలేదు. ముందు తన మనిషికి వీపు ఆనించింది, కదలకుండా నిలబడింది. బంతి వచ్చి 11 చేతుల్లో పడింది. స్కోరు షీటులో ఆ రీబౌండ్ 11 పేరు మీదే ఉంటుంది. 7 చేసిన పనికి అందులో గడి లేదు. కానీ బెంచీ మీద 14 లేచి అరిచిన అరుపు గేటు దాకా వినబడి ఉంటుంది. మూడు పాయింట్లతో గెలిచాం.

జనవరిలో కొత్త పిల్లలు వస్తారు. నడుము చూడమని వాళ్లకు చెప్పడానికి ఒక అక్క ఉంది.

నిరుడు మేము గుడి వెనక గదిలో సగం కుర్చీలు బయట పెట్టించాం. ఆదివారం ఎనిమిది మంది పిల్లలు వస్తున్నారు. వాళ్లలో ఒక అమ్మాయి చక్కగా చదువుతుంది. తొమ్మిదేళ్ల అబ్బాయి ఒకడు ప్రతి ఒత్తు దగ్గరా ఆగిపోతాడు. వచ్చే ఉగాదికి మొదట చదివేది వాడే. ఆ సంగతి గుడిలో ఎవరికీ చెప్పకముందే ఆ అమ్మాయికి చెప్పాను.

"మరి వాడు మధ్యలో ఆగిపోతే, ఆంటీ?" అని అడిగింది.

"నువ్వు పక్కనే ఉంటావు కదా" అన్నాను.

ఉగాదికి మీరూ రండి. వాడు ఆగినప్పుడు కొంచెం ఓపిక పట్టండి. మీ ఇంట్లో కూడా తడబడుతూ చదివే పిల్లలుంటే, ముందు వాళ్లనే చదవనివ్వండి.