ముప్పై లైఫ్‌లు, ఒక్క టీవీ

మా ఇంట్లో ఎన్నికలూ టీవీ గేమూ ఒకే కాలంలో వచ్చేవి. 2004లో రాష్ట్రంలో పోలింగ్ ఏప్రిల్ 20, 26 తేదీల్లో జరిగింది. 2009లో ఏప్రిల్ 16, 23. సరిగ్గా ఆ రోజుల్లోనే మాకు పరీక్షలు అయిపోయి సెలవులు ఇచ్చేవాళ్ళు. నాన్నకు వార్తలు కావాలి, నాకు కాంట్రా కావాలి. ఉన్నది ఒక్క టీవీ.

తెనాలిలో కాలవకు దగ్గర్లో మా అద్దె ఇల్లు. ముందు గదిలో చెక్క స్టాండు మీద ఓనిడా టీవీ, ఇరవై ఒక్క అంగుళాలది, వెనక పెద్ద డిప్పతో. కట్టేసిన వెంటనే అద్దం దగ్గరికి చెయ్యి తీసుకెళ్తే చేతి మీది వెంట్రుకలు లేచి నిలబడేవి, చిటపటమని సన్నగా చప్పుడయ్యేది. అమ్మ దాని మీద తను అల్లిన గుడ్డ పరిచి ఉంచేది. సెలవుల్లో ఆ గుడ్డ ఎత్తి పక్కన పెట్టడంతోనే నాకు తెల్లారేది.

గేమ్ డబ్బా 2003 వేసవిలో వచ్చింది. నాన్న పనిమీద విజయవాడ వెళ్ళి బీసెంట్ రోడ్డులో కొనుక్కొచ్చాడు. జపాన్‌లో నింటెండో వాళ్ళు 1983లో తెచ్చిన ఫ్యామికామ్‌కి అది నకలని పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు మాకది టీవీ గేమ్, అంతే. రెండు జాయ్‌స్టిక్కులు, ఒక నారింజ రంగు తుపాకీ, పసుపుపచ్చ క్యాసెట్, ఇటుకంత బరువున్న అడాప్టరు. గంట ఆడేసరికి ఆ అడాప్టరు కాలిపోయేది. తీసి గచ్చు మీద పెట్టి, చల్లబడేదాకా చుట్టూ కూర్చునేవాళ్ళం. క్యాసెట్ పట్టకపోతే బయటికి లాగి, అడుగున ఉన్న రాగి పళ్ళలోకి గట్టిగా ఊది, చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టేవాళ్ళం. అది పనిచేసింది ఊదడం వల్ల కాదట, తీసి పెట్టడంలో పళ్ళు సరిగ్గా కూర్చోవడం వల్లనట. ఊపిరి తడికి అవి పాడవుతాయట కూడా. ఇదంతా తెలిసినా, ఇప్పటికీ చేతికి క్యాసెట్ వస్తే ముందు నోటి దగ్గరికే పోతుంది.

క్యాసెట్ మీద '9999999 ఇన్ 1' అని రాసి ఉండేది. అన్ని లక్షల ఆటలు మా ఇంట్లో ఉన్నాయని బళ్ళో అందరికీ చెప్పాను. ఓ ఆదివారం నాన్న నా పక్కన కూర్చుని జాబితా కిందకి జరుపుకుంటూ పోయాడు. కాసేపటికే మళ్ళీ మారియో. ఇంకాసేపటికి ఇంకో పేరుతో అదే మారియో, కాకపోతే రెండో లోకం నుంచి మొదలవుతుంది. కాగితం మీద గీతలు పెట్టి తేల్చాడు, అసలు ఆటలు పద్దెనిమిది. నా మొహం చూసి, "పద్దెనిమిది తక్కువేం కాదురా. ఎప్పుడూ జాబితా పొడుగు చూడకు, లోపల ఎన్ని ఉన్నాయో చూడు" అన్నాడు. మరుసటి ఏడాది పార్టీల మేనిఫెస్టోలు పేపర్లో వచ్చినప్పుడు అదే పెన్సిలు తీసి, అవే గీతలు పెట్టుకుంటూ చదవడం చూశాను.

మా వీధి పిల్లల్లో రెండు పక్షాలుండేవి. కాంట్రా వాళ్ళు, మారియో వాళ్ళు. నేను కాంట్రా. ఎదురింట్లో అద్దెకుండే కుర్రాడు మారియో. మా వాదనలు సాయంత్రం మొదలైతే అన్నాలకి పిలిచేదాకా సాగేవి. వాటిల్లో అన్నిటికన్నా ఎక్కువ రోజులు నడిచింది బాణసంచా గొడవ. మారియో స్టేజీ చివర జెండా కర్ర పట్టుకుని జారి కోటలోకి వెళ్ళినప్పుడు, ఒక్కోసారి ఆకాశంలో బాణసంచా పేలుతుంది, ఒక్కోసారి పేలదు. కర్ర పైకొనకి ఎగిరితేనే పేలుతుందని నేను. నాణేలు ఎక్కువ ఉంటే పేలుతుందని వాడు. మాటా మాటా పెరిగి ఒకరోజు జాయ్‌స్టిక్ వైరు తెగింది.

ఆ గొడవ తీర్చింది మాస్టారు. పక్క వాటాలో ఉండేవారు, హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. "అరుచుకుంటే తేలదురా అబ్బాయ్, రాయండి" అని తన లాంగ్ నోట్‌బుక్కులోంచి నాలుగు కాగితాలు చింపిచ్చారు. జెండా పట్టుకున్న ప్రతిసారీ ఎత్తు, నాణేలు, పైన మిగిలిన టైము రాయాలి. పేలిందా లేదా రాయాలి. మూడు రోజులు రాశాం. నాలుగో రోజు ఆయన కళ్ళజోడు సర్దుకుని కాగితాలు చూసి, పెన్సిలుతో మూడు అంకెల చుట్టూ సున్నాలు చుట్టారు. టైములో చివరి అంకె 1 అయితే ఒక్కటి పేలుతుంది, 3 అయితే మూడు, 6 అయితే ఆరు. ఎత్తూ కాదు, నాణేలూ కాదు. నేనూ తప్పే, వాడూ తప్పే. ఆ సాయంత్రం మేమిద్దరం కలిసి, టైము చూసుకుంటూ, 6 దగ్గర జెండా పట్టుకున్నాం. ఆరు పేలాయి. అంత ఆనందం నాకు ఏ ఆట గెలిచినా రాలేదు.

మాస్టారు 1982లో పార్టీ పెట్టినప్పటి నుంచీ తెలుగుదేశం. నాన్న కాంగ్రెస్. రోజూ రాత్రి ఎనిమిదింటికి మాస్టారు మా ఇంటికొచ్చేవారు. అమ్మ ఇద్దరికీ స్టీలు గ్లాసుల్లో కాఫీ ఇచ్చేది. ఈటీవీ2, అప్పుడప్పుడే మొదలైన టీవీ9, రెండింట్లోనూ ఎన్నికల చర్చలే. కానీ ఆ టైముకి నేను కాంట్రాలో మూడో స్టేజీలో, జలపాతం దగ్గర ఉండేవాణ్ణి. ఆట మధ్యలో కట్టేయమని నాన్న ఎప్పుడూ అనలేదు. గుమ్మంలో నిలబడి, "ఇంకెన్ని లైఫ్‌లున్నాయిరా?" అని అడిగేవాడు. అవి అయిపోయేదాకా ఇద్దరూ మంచం మీద కూర్చుని చూసేవాళ్ళు.

చిక్కల్లా ముప్పై లైఫ్‌ల కోడుతో వచ్చింది. గుంటూరు నుంచి వచ్చిన మా బావ నేర్పాడు. పైన పైన, కింద కింద, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ. ఎక్కం వల్లెవేసినట్టు వల్లెవేశాను. మూడు లైఫ్‌లున్న చోట ముప్పై వచ్చాయి. ఆ రాత్రి తొమ్మిదైనా నా లైఫ్‌లు అయిపోలేదు, చర్చ అయిపోయింది. మర్నాడు నాన్న నాతో ఒప్పందం చేసుకున్నాడు. ఓట్ల లెక్కింపు అయ్యేదాకా సాయంత్రాలు కోడు కొట్టకూడదు, పొద్దున ఎంతసేపైనా ఆడుకోవచ్చు. మాస్టారు సాక్షి. నేను మాట నిలబెట్టుకున్నాను.

జలపాతం స్టేజీలో ఇద్దరు ఆడుతుంటే, ఒకడు తొందరపడి పైకెక్కాడా, తెర వాడితో పాటే పైకి జరుగుతుంది. కిందున్నవాడు తెర అంచు దాటి చచ్చిపోతాడు. అందుకని మెట్టుమెట్టుకీ ఆగి పక్కవాణ్ణి రానివ్వాలి. "ఉండు, నేనొచ్చాక ఎక్కు" అన్న మాట ఆ గదిలో ఎన్ని వందలసార్లు పలికిందో.

పెద్దవాళ్ళ చర్చ టీవీలో కంటే టీవీ ముందే బాగుండేది. ప్రకటనలు రాగానే నాన్న మ్యూట్ నొక్కేవాడు, అసలు చర్చ అప్పుడు మొదలయ్యేది. హైటెక్ సిటీ, రైతు బజార్లు మాస్టారి వైపు. చేవెళ్ళ నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచిన వైఎస్ పాదయాత్ర, రైతులకు ఉచిత కరెంటు నాన్న వైపు. "ఉచితం అంటే ఎవరో ఒకరు కట్టాలిగా, ఎవరు కడతారో లెక్క చూపించండి" అనేవారు మాస్టారు. నాన్న ఆ లెక్క కోసం పేపర్లు కత్తిరించి ఫైల్లో పెట్టుకునేవాడు. కరెంటు మీద వాళ్ళు మాట్లాడుతుండగానే కరెంటు పోయిన రాత్రులున్నాయి. పొద్దుటి పూట పోతే నాకు నష్టం. ఆరో స్టేజీలో, నిప్పు గొట్టాల మధ్య, ఫ్యాను ఆగి టీవీ టప్పున ఆరిపోయేది. దాచుకునే వీల్లేని ఆట. మళ్ళీ అడవి నుంచి మొదలు.

మాస్టారు ఆ లాంగ్ నోట్‌బుక్కులో ఎన్నికల అంచనాలు కూడా రాసుకునేవారు. నాన్న అంకె ఒక గడిలో, తనది ఇంకో గడిలో, కింద ఇద్దరి సంతకాలు. 2004 మే 11న అసెంబ్లీ లెక్కింపు. మొత్తం 294లో కాంగ్రెస్‌కు 185, తెలుగుదేశానికి 47 వచ్చాయి. ఆ రాత్రి ఆయన రారని నాన్న అనుకున్నాడు. ఎనిమిదింటికి చెప్పుల చప్పుడు వినిపించింది. మాస్టారు నోట్‌బుక్కు పట్టుకునే వచ్చారు. మంచం మీద కూర్చుని, తెరిచి, తనే చదివారు: "నేను 150 వేశాను. 47 వచ్చాయి. 103 తప్పు." ఎర్ర పెన్నుతో ఆ తేడా రాసి, నాన్న ముందుకు జరిపారు. నాన్న ఏమీ అనలేదు. లోపలికెళ్ళి కాఫీ తనే కలిపి తెచ్చాడు.

2009 ఇంకా సందడిగా గడిచింది. చిరంజీవి ప్రజారాజ్యం వచ్చింది, రైలింజన్ గుర్తు. మా వీధి పిల్లలంతా కాంట్రా, మారియో తేడా మరిచిపోయి ఒకే పక్షమయ్యాం. పేదలకు కలర్ టీవీ ఇస్తామని తెలుగుదేశం చెప్పినప్పుడు, ఇంట్లో రెండో టీవీ వస్తే నా గేమ్‌కి అడ్డుండదని లోపల్లోపల ఆశపడ్డాను. మాస్టారికి మాత్రం ఆ ఏడు వేరే దిగులు. నియోజకవర్గాల పునర్విభజనలో తెనాలి పార్లమెంటు స్థానమే లేకుండా పోయి, మేం గుంటూరులో కలిశాం. 1952 నుంచీ ఉన్న స్థానం. "ఊరి పేరు ఢిల్లీలో వినపడదిక" అని నాలుగు రోజులు అన్నారు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 156 వచ్చాయి, ప్రజారాజ్యానికి 18. నాన్న 200 వేశాడు. గెలిచి కూడా, నోట్‌బుక్కు తీసుకుని "44 తప్పు" అని తనే ఎర్ర పెన్నుతో రాశాడు.

ఆ తర్వాత ఎన్ని చర్చలు చూశానో లెక్కలేదు. తెరని ఆరు గడులు చేసి ఆరుగురూ ఒక్కసారే మాట్లాడే చర్చలు చూశాను. తన అంకె తప్పని తానే చదివి, తేడా రాసి, ఎదుటివాడికి చూపించిన మనిషి ఒక్కరూ కనపడలేదు. నేను చూసిన మంచి ఎన్నికల చర్చ తెనాలిలో ఆ ముందు గదిలో జరిగింది. దానికి పట్టింది రెండు గ్లాసుల కాఫీ, ఒక నోట్‌బుక్కు.

మాస్టారికి కాంట్రా వచ్చేది కాదు. ఆయనకి నచ్చింది బాతుల ఆట, డక్ హంట్. చర్చ మొదలవడానికి ముందు పది నిమిషాలు ఆయన వంతు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఎడమ కన్ను మూసి, మోచెయ్యి మోకాలి మీద ఆనించి, తుపాకీ రెండు చేతులా పట్టుకునేవారు. గడ్డిలోంచి బాతు లేచేది. ఆయన ఊపిరి బిగబట్టేవారు. టక్. తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల డబ్బా మెరిసి, బాతు కింద పడేది. తప్పితే కుక్క గడ్డిలోంచి లేచి నవ్వేది. "దీనికి నవ్వడం తప్ప ఏం రాదురా" అని నాతో చెప్పి మళ్ళీ గురిపెట్టేవారు. తుపాకీలోంచి ఏదీ బయటికి పోదనీ, అది తెర వెలుతురుని లోపలికి చూస్తుందనీ నాకు వివరించింది ఆయనే. ట్రిగ్గర్ నొక్కగానే వచ్చే ఆ తెల్ల డబ్బాని తుపాకీ గొట్టంలోని కన్ను చూస్తే బాతు తగిలినట్టు.

2014 మే 7న నా మొదటి ఓటు వేశాను. నీలం బటన్ నొక్కాక పొడుగ్గా మోగిన బీప్ విని, ఎందుకో గేమ్ డబ్బా గుర్తొచ్చింది. అప్పటికే దాన్ని అటక ఎక్కించాం. అదే ఏడు మాస్టారు కూతురి దగ్గరికి బెంగళూరు వెళ్ళిపోయారు. ఓనిడాని 2016లో పాత సామాన్ల బండికిచ్చేశాం. ముప్పై లైఫ్‌ల కోడు సృష్టించిన కజుహిసా హషిమొటో 2020 ఫిబ్రవరిలో పోయారని వార్త చదివాను. 1986లో గ్రాడియస్ అనే ఆటని ఇళ్ళలోకి మార్చే పనిలో, అది తనకే మరీ కష్టంగా ఉందని, పరీక్షించుకోడానికి పెట్టుకున్న వరసట అది. తీసెయ్యడం మరిచిపోయారు. ఆయన మరపు తెనాలిలో మా ఇంట్లో ఒప్పందం దాకా వచ్చింది.

2024 మే 13న ఓటు కోసం హైదరాబాద్ నుంచి వెళ్ళినప్పుడు అటక మీంచి డబ్బా దించాను. ఊది, తుడిచి, కొత్త టీవీకి పెట్టాను. మారియో వచ్చింది, కాంట్రా వచ్చింది. బాతులూ వచ్చాయి గానీ ఒక్కటీ పడలేదు. పాత టీవీ గీత గీతగా, రెప్పపాటు ఆలస్యం లేకుండా వెలిగే పద్ధతికి ఆ తుపాకీని చేశారు. ఎల్ఈడీ తెర మీద దానికి చూపు లేదు. ఎంత గురిపెట్టినా బాతులు పైకెగిరిపోయాయి. రాత్రి ఎనిమిదింటికి నాన్న బెంగళూరుకి ఫోన్ చేసి ఈ మాట చెప్పాడు. "డబ్బా టీవీ దొరికితే చెప్పండి, వస్తాను" అన్నారు మాస్టారు. ఆయనకిప్పుడు ఎనభై దాటాయి.

తెనాలిలో గానీ, చుట్టుపక్కల గానీ, ఎవరింట్లోనైనా డబ్బా టీవీ ఇంకా వెలుగుతుంటే దయచేసి పాత సామాన్ల వాళ్ళకి వెయ్యకండి. మాకు ఒక్క సాయంత్రం చాలు. తుపాకీ నేను తెస్తాను.