తాపీ పోటు, పండుగప్ప

కార్తికమాసపు వేకువలో సూరత్ కోట చెంత, ‘ఓవారా’ అని పిలిచే రేవుమెట్ల మీద, జాలరి గాలం వేసి తాపీ నది పోటెక్కడానికి ఎదురుచూస్తూంటాడు. మొగలుల కాలంలో మక్కా యాత్రికులను సాగనంపిన రేవుపట్టణమిది. ఆ ఓడలు నేడు లేవు. కాని రేవుకట్ట రాళ్ల నీడన మాటువేసి, పోటుతో వచ్చే రొయ్యలను మింగే పండుగప్ప కోసం నిరీక్షణ మాత్రం తీరలేదు.

ఉప్పునీట పుట్టి, పిల్లగా మంచినీటికి ఎగబ్రాకి, తొలుత మగదిగా బ్రతికి, పెద్దదయ్యాక ఆడదిగా మారే చేప అది. ఎగువన సింగణ్‌పోర్ వద్ద 1995లో కట్టిన ఆనకట్ట నగరానికి మంచినీటిని నిలిపింది గాని, పోటుకూ, చేపపిల్లకూ దారి మూసింది. జాలరికి మిగిలినది ఆనకట్ట దిగువనున్న నీరే. పాటు మొదలైతే అతడు ఖాళీ గాలం చుట్టుకొని లేస్తాడు. రేపటి పోటు నేటికంటె సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని అతనికి తెలుసు.