పసిపిల్లల తుంటికీలు – తల్లిదండ్రుల ఓర్పు

మీ పాపాయి తొలి అడుగుల్లో ఒక పక్కకే ఒరుగుతున్నదా? బాతులా నడుస్తున్నదని మురిసిపోకండి. ఒకసారి డాక్టరుకు చూపించండి.

తొడ ఎముక పైకొస బంతిలా ఉండి, తుంటి దగ్గర గిన్నెలాంటి గుంటలో తిరుగుతుంది. కొందరు పసివాళ్లలో ఆ గుంట లోతు చాలక బంతి జారిపోతుంది. ఆడపిల్లల్లో, తొలిచూలు బిడ్డల్లో, కడుపులో ఎదురుకాళ్లతో ఉన్నవారిలో ఇది ఎక్కువ. పసితనంలో నొప్పి ఉండదు కనుక ఎవరికీ తెలియదు. గుడ్డ మార్చేటప్పుడు ఒక కాలు సరిగా విచ్చుకోకపోతే అనుమానించాలి. ఆరు నెలల లోపు కనిపెడితే చాలామందికి పట్టీలతోనే నయమవుతుంది.

మా అమ్మాయికి పుట్టినప్పటి పరీక్షలో తెలియలేదు. కొందరిలో అప్పటికి తెలియదు కూడా. 1999లో, ఏడాది వయసులో, మత్తిచ్చి కీలు కూర్చి, ఛాతీ నుంచి పాదాల దాకా పిండికట్టు వేశారు. మూడు నెలలు! గ్రహణం నాడు కదిలావని బంధువులు మా ఆవిడను ఆడిపోసుకున్నారు. "బిడ్డను ఇలా బిగించి ఉంచుతారా, విప్పించరా" అని మా అమ్మ రోజూ కన్నీళ్లు పెట్టుకునేది. రాత్రిళ్లు పిల్ల ఏడుస్తుంటే నాకూ అలాగే అనిపించేది. కాని ముందే విప్పితే బంతి మళ్లీ జారుతుంది. అప్పుడు పెద్ద ఆపరేషనే గతి. అందుకే మనసు రాయి చేసుకున్నాం.

కట్టులో ఉన్న బిడ్డను రెండు మూడు గంటలకోసారి పక్క మార్చండి. కట్టు తడవకుండా చిన్న గుడ్డను లోపలి అంచుకు దోపి, తరచూ మార్చండి. దురదకు పుల్లలు దూర్చవద్దు, పౌడరు చల్లవద్దు. రోజూ కాలివేళ్లు చూడండి. అవి చల్లబడినా, నీలంగా మారినా, వాచినా, కట్టులోంచి దుర్వాసన వచ్చినా వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. కట్టు విప్పాక పిల్ల కొన్నాళ్లు కాళ్లు కదపడానికి జంకుతుంది. కంగారుపడకండి. ఎదుగుదల పూర్తయ్యేదాకా డాక్టరు చెప్పినప్పుడల్లా ఎక్స్‌రే తీయించండి.

మరొక మాట. పొత్తిగుడ్డల్లో కాళ్లు చాపి బిగించి చుట్టవద్దు. మన తల్లులు బిడ్డను చంకనెత్తుకుంటే కాళ్లు ఎడంగా ఉంటాయి, అది తుంటికి మంచిది. ఇంతకూ ఈ జబ్బుకు గ్రహణం కారణం కాదు, తల్లి అసలే కాదు. ఆమెను నిందించే నోళ్లు కాసేపు బిడ్డను ఆడిస్తే అదే పెద్ద సాయం.