సంఘం బేస్ గిటారు: ఖర్చు లెక్క, దాని వెనక కథ



ఉగాది ఖర్చుల పట్టికలో "బేస్ గిటారు విడిభాగాలు – రూ. 4,150" అనే వరుస చూసి నలుగురైదుగురు ఫోన్ చేశారు. "తొమ్మిదిన్నర వేలు పెట్టి పాతది కొన్నారు, మళ్ళీ దాని మీద నాలుగు వేలా? ఇంకాస్త వేస్తే కొత్తదే వచ్చేది కదా" అన్నారు. అడగాల్సిన మాటే. సంఘం డబ్బంటే అందరి డబ్బు. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేకంటే ఇక్కడ రాస్తే అందరికీ తెలుస్తుంది. కాస్త పెద్దదే, తీరిక చూసుకుని చదవండి.

అసలు మనకి బేస్ గిటారు ఎందుకు? మన వాద్యబృందంలో కీబోర్డు ఉంది, తబలా ఉంది, డోలక్ ఉంది, పాడేవాళ్ళకి కొదవ లేదు. కానీ మద్రాసు స్టూడియోల్లో తయారైన ఆనాటి పాటలు, ముఖ్యంగా 1980ల ఇళయరాజా గారి పాటలు, బేస్ లేకుండా వాయిస్తే బోలుగా ఉంటాయి. ఆయన పాటల్లో గొంతు ఒక దారిన పోతుంటే కింద బేస్ తన దారిన నడుస్తుంది. దాని లావు తీగ వదిలి మీటితే 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. వింటున్నామని తెలియదు, తీసేస్తే మాత్రం ఏదో పోయిందని తెలుస్తుంది.

రెండో కారణం మనమ్మాయి. ప్లస్ వన్ చదువుతోంది. కీబోర్డు, పాట రెండూ వద్దంది, బేసే కావాలంది. కొత్తది కొనే స్థోమత వాళ్ళింట్లో లేదు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదవడం, రాయడం రాదు. 2006 చట్టం తర్వాత బడిలో చేరిన మన పిల్లల్లో చాలామంది సంగతి ఇంతే. తెలుగు పాటల్ని తమిళ అక్షరాల్లో రాసుకునేది. తమిళంలో ప, బ లకి ఒకటే అక్షరం కాబట్టి 'పాట' అని రాసుకుంటే 'బాట' అని చదివేది. శనివారం మధ్యాహ్నాలు ఆ పిల్ల మన హాలుకి రావాలంటే చేతిలో ఒక వాయిద్యం ఉండాలి. కమిటీ దగ్గర నేను వాదించింది ఇదే.

ఇక వాయిద్యం సంగతి. కాలేజీ కుర్రాడొకడు అమ్ముతున్నాడంటే చూడడానికి వెళ్ళాను. మెడ నిటారుగా ఉంది, ఫ్రెట్లు పెద్దగా అరగలేదు, చెక్క గట్టిది. కానీ కేబుల్ పెడితే బుస్సుమనే చప్పుడు, నాబ్ తిప్పితే కరకర. లోపలి ప్రీఆంప్ పోయిందని కుర్రాడే చెప్పాడు. మల్టీమీటరు పెట్టి చూశాను. రెండు పికప్‌లూ ఏడున్నర కిలో ఓముల చుట్టుపక్కల చూపించాయి, అంటే అవి బతికే ఉన్నాయి. మెడ మెలితిరిగిన గిటారుని ఉచితంగా ఇచ్చినా తీసుకోకూడదు. వైరింగు పోయిన గిటారుని మాత్రం బేరమాడి తెచ్చుకోవచ్చు. ముప్పై ఏళ్ళు యాంప్లిఫైయర్లు బాగుచేసినవాడిగా చెబుతున్నాను. ఆ ధరకి అంత మంచి చెక్క, అంత మంచి మెడ కొత్తదాంట్లో నాకు దొరకలేదు.

దాని పొట్టలో ఏముంటుందో క్లుప్తంగా చెబుతాను. పికప్ అంటే అయస్కాంతం చుట్టూ వేల చుట్లు చుట్టిన సన్నని రాగితీగ. పైన ఉక్కు తీగ కదిలితే అందులో చిన్న కరెంటు పుడుతుంది. అది వాల్యూమ్, టోన్ నాబ్‌ల సర్క్యూట్ మీదుగా జాక్‌కి చేరుతుంది. లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్, 1960లో వచ్చిన జాజ్ బేస్ ఇలాంటివే. వీటిని పాసివ్ అంటారు, బ్యాటరీ ఉండదు. వీటిలో టోన్ నాబ్ పైస్వరాలని తగ్గించగలదు, లేనిదాన్ని పెంచలేదు. 1976లో వచ్చిన మ్యూజిక్ మ్యాన్ స్టింగ్‌రేలో 9 వోల్టుల బ్యాటరీతో నడిచే చిన్న ప్రీఆంప్ గిటారు లోపలే ఉంటుంది. ఇలాంటివి యాక్టివ్. వీటిలో మంద్రాన్నీ తారాన్నీ తగ్గించొచ్చు, పెంచొచ్చు కూడా.

మనకి ఏది కావాలన్న దగ్గర రెండు పక్షాలయ్యాయి. ఆ రోజుల్లో లైట్ మ్యూజిక్ ట్రూపుల్లో బేస్ వాయించిన మన పెద్దాయన, "పాసివ్ చాలురా అబ్బాయ్, స్టేజి మీద బ్యాటరీ చస్తే ఎవడు దిక్కు?" అన్నారు. అమ్మాయి, "మన హాలు స్పీకర్లలో కింది స్వరాలు వినబడవు తాతా, పెంచే నాబ్ కావాలి" అంది. ఇద్దరిదీ నిజమే. అందుకని మంద్రం, తారం రెండూ ఉన్న ప్రీఆంప్ తెప్పించి, దానికి ఒక టాగుల్ స్విచ్ కలిపాను. పైకి వేస్తే యాక్టివ్. కిందికి వేస్తే పికప్ శబ్దం ప్రీఆంప్‌ని దాటేసి, వాల్యూమ్ పాట్‌ల మీదుగా నేరుగా జాక్‌కి పోతుంది. అప్పుడు టోన్ నాబ్ పనిచేయదు, శబ్దం కాస్త తగ్గుతుంది, కానీ పాట ఆగదు.

లెక్క ఇది. ప్రీఆంప్ 2,200. వాల్యూమ్‌కి 250 కిలో ఓముల పాట్‌లు రెండు, 900. లోపల అతికించే రాగి రేకు 600. స్విచ్, స్టీరియో జాక్, వైరు, బ్యాటరీ కలిపి 450. చిల్లర సామానంతా రిచీ స్ట్రీట్‌లోనే దొరికింది. కూలి లేదు. కొత్త పాట్‌ల మెడ లావు, పాత రంధ్రాలు సన్నం. వాటిని చేత్తో మెల్లగా పెద్దవి చేయడానికే ఒక పూట పట్టింది. డ్రిల్లు పెడితే పైన రంగు పెచ్చులుగా లేచిపోతుంది.

రాగి రేకు ఎందుకని ఒకరడిగారు. ట్యూబులైట్లు, కరెంటు వైర్లు ఉన్నచోట 50 హెర్ట్జ్ హమ్ గిటారులోకి దూరుతుంది. లోపలి గూడంతా రేకు అతికించి ఎర్త్‌కి కలిపితే చాలావరకు తగ్గుతుంది. మిగిలినదానికి మందు నాబ్‌లలోనే ఉంది. ఈ రెండు పికప్‌లనీ ఒకదానికొకటి ఎదురుగా చుట్టారు, అయస్కాంతాలు కూడా తిరగేసి పెట్టారు. రెండు వాల్యూములూ పూర్తిగా తెరిస్తే ఒకదాని హమ్ రెండోదాన్ని కొట్టేస్తుంది. ఒకటి తగ్గిస్తే మళ్ళీ వస్తుంది.

డిసెంబరులో హాఫ్ ఇయర్లీ పరీక్షలు, సెలవులు, పొంగలి కలిసి నాలుగు వారాలు సాధన లేదు. కేబుల్ గిటారుకే ఉండిపోయింది. ఈ జాక్ ఎలాంటిదంటే, కేబుల్ గుచ్చగానే బ్యాటరీ ఆన్ అవుతుంది. స్విచ్ పాసివ్‌లో ఉన్నా ఖర్చవుతూనే ఉంటుంది. రోజుకి గంట వాయించి తీసేస్తే ఏడాది దాటి వచ్చే బ్యాటరీ, అలా వదిలేస్తే మూడు వారాల్లో అయిపోతుంది. జనవరిలో మళ్ళీ మొదలుపెట్టిన రోజు రెండో పాటకే శబ్దం చీలి బరబరమంది. "నాలుగు వేలూ గోవిందా" అన్నారెవరో. అమ్మాయి ఏమీ అనలేదు. స్విచ్ కిందికి వేసి, వాల్యూములు తెరిచి, చరణం మధ్యలో అందుకుంది. పెద్దాయన నావైపు చూసి తల ఊపారు. ఉగాదినాడు ఆ పిల్ల ఏడు పాటలు వాయించింది, మీరే విన్నారు.

ఇంకో సంగతి. టోన్ నాబ్‌ల పక్కన అంటించడానికి చీటీలు రాయమన్నాను. "తెలుగులో రాస్తా తాతా" అంది. 'తారం' తేలిగ్గానే వచ్చింది. 'మంద్రం' దగ్గర ఆగిపోయింది. తమిళంలో ఇలాంటి ఒత్తులు ఉండవు కదా, 'ద' కింద ఆ కొక్కెం ఎటు తిప్పాలని అడిగింది. నాలుగుసార్లు రాసి, అయిదోది అంటించింది. ఇప్పుడు తన పాటల పుస్తకంలో పల్లవుల వరకు తెలుగులోనే రాసుకుంటోంది. చరణాలు ఇంకా తమిళ అక్షరాల్లోనే ఉన్నాయి. ఖర్చు పట్టికలో ఇది రాయడానికి చోటు లేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

చివరగా మూడు మనవులు. సాధన అయ్యాక ఎవరైనా సరే కేబుల్ గిటారు నుంచి తీసేయండి. బ్యాటరీ మార్చినప్పుడల్లా దాని మీద తేదీ రాయండి. మూడోది ముఖ్యం: తీగలు ముట్టుకుంటే హమ్ తగ్గడం మామూలే, కానీ చేతికి చురుక్కుమంటే మాత్రం వెంటనే వదిలేసి, యాంప్లిఫైయరు ప్లగ్ తీయించి నాకు ఫోన్ చేయండి. కరెంటు వచ్చేది గిటారు బ్యాటరీ నుంచి కాదు, యాంప్లిఫైయరు నుంచో హాలు వైరింగు నుంచో వస్తుంది. అది చూసుకోకుండా ఏ పిల్లనీ స్టేజి ఎక్కించకూడదు.

బిల్లులన్నీ కోశాధికారి గారి దగ్గర ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. మీ ఇంట్లో గాని, తెలిసినవాళ్ళ అటకల మీద గాని మూగబోయిన గిటారు ఉంటే పారేయకండి, శనివారం పట్టుకురండి. మెడ నిటారుగా ఉంటే మిగతాది చూసుకుందాం. వాయించడానికి ఇంకో ఇద్దరు పిల్లలు ఎదురుచూస్తున్నారు.