దిద్దేవారు

మరచిపోయిన సంధ్యావందనాన్ని నాన్నగారు పోయాక పుస్తకం చూసి మళ్ళీ నేర్చుకొన్నాను. ఆయన నేర్పుతానన్నప్పుడు తప్పించుకు తిరిగినవాణ్ణి. అందుకేనేమో, ఇంగ్లండులో పుట్టిన విక్కా మతం గురించి చదువుతూంటే అక్కడి తగవు పరాయిదనిపించలేదు.

సంప్రదాయవాదుల మాట ఇది: కవెన్ అనే సాధక బృందంలో దీక్ష పొందాలి, మూడు మెట్లెక్కాలి, గురువు వద్దనున్న గ్రంథాన్ని స్వహస్తంతో నకలు చేసుకోవాలి. 1988లో స్కాట్ కన్నింగ్‌హామ్ ఒంటరి సాధకుల కోసం పుస్తకం రాసి, ఒకరిచ్చే దీక్ష అక్కరలేదన్నాడు. ఎవరి పద్ధతిని వారే కూర్చుకోవచ్చునన్నాడు.

అయితే ఆ సంప్రదాయం మాత్రం ఎంత పాతది? జెరాల్డ్ గార్డ్‌నర్ దానిని లోకానికి వెల్లడించిన పుస్తకం 1954 నాటిది. అంతకు ముందు ఏడాది దీక్ష తీసుకొన్న డోరీన్ వాలియెంటే, ఆయన గ్రంథంలో అలిస్టర్ క్రౌలీ వాక్యాలను గుర్తుపట్టింది. అడిగితే, చేతనైతే నువ్వే బాగుచేయమన్నాడు. ఆమె చాలా భాగం తిరగరాసింది. నేటి సంప్రదాయవాదులు భద్రంగా నకలు చేసుకొనే మాటల్లో ఆమెవీ ఉన్నాయి.

కాబట్టి సంప్రదాయమూ ఏరి కూర్చినదే. కాకపోతే గార్డ్‌నర్‌కు ఎదురుగా కూర్చుని తప్పు పట్టే శిష్యురాలుండేది. ఒంటరి సాధకుడికి ఆ అదృష్టం లేదు.

కన్నింగ్‌హామ్ మీద నాకు కోపం లేదు. గురువు దొరకనివారికి ఆయన తలుపు తీశాడు. అటువంటి తలుపులోంచే నేనూ వచ్చాను. కాని నిన్న ఉదయం ఒక మంత్రం దగ్గర స్వరం తప్పినట్టనిపించింది. పుస్తకం ఏమీ అనలేదు.

నాన్నగారైతే పక్కగదిలోంచే కేకవేసి ఉండేవారు.