మూత తీశాక

కంప్యూటర్ గురించి ఆడవాళ్ళు ఏదైనా రాస్తే, అది వాడటం నేర్చుకున్న కథే అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు. నేను చెప్పబోయేది దాని ప్రాసెసర్‌కున్న రాగిమూతను బ్లేడుతో కోసి తీసిన సంగతి. దాంతోపాటు, కొంతకాలంగా నన్ను వదలకుండా వేధిస్తున్న ఒక ప్రశ్న కూడా.

మాది కోనరావుపేట. ఒకప్పుడు కరీంనగర్ జిల్లా, 2016 నుంచి రాజన్న సిరిసిల్ల జిల్లా. నేను డిగ్రీ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్తాను. రెండేళ్ళుగా సెలవులు దొరికినప్పుడల్లా మా ఊళ్ళో, చుట్టుపక్కల ఊళ్ళలో బీడీలు చేసే ఆడవాళ్ళ మాటలు వీడియో తీస్తున్నాను. అరవై గంటలకు పైగా పోగయింది. వాటిని కూర్చడానికి నా దగ్గరున్నది ఒక పాత కంప్యూటర్. అందులో 2012 నాటి ఇంటెల్ కోర్ ఐ7-3770 ప్రాసెసర్. మే నెలలో మా రేకుల గదిలో కూర్చుని పని మొదలుపెడితే, పది నిమిషాల్లో దాని లోపలి వేడి వంద డిగ్రీలకు చేరేది. 105 దగ్గర అది తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించేసుకుంటుంది. గంటలో అవ్వాల్సిన పని మూడు గంటలు పట్టేది.

బాగుచేసే షాపతను ఫ్యాన్ మార్చాడు. తర్వాత ఇంకో ఫ్యాన్ పెట్టాడు. మూడోసారి వెళ్తే, "మీకెందుకు మేడం ఇవన్నీ, సార్‌ను పంపించండి, కొత్తది చూపిస్తా" అన్నాడు. నాకు సార్ లేడని అతనికి తెలియదు. ఉన్నా పంపేదాన్ని కాదని అసలే తెలియదు.

అసలు వేడి ఎక్కడ ఆగిపోతోంది? నిజంగా పనిచేసే సిలికాన్ ముక్క 160 చదరపు మిల్లీమీటర్లే, బొటనవేలి గోరంత. అందులో 140 కోట్ల ట్రాన్సిస్టర్లుంటాయి. దీనికి కంపెనీ చెప్పే లెక్క 77 వాట్లు. ఆ గోరంత చోట పుట్టే వేడిని వెడల్పుగా పరచడానికి పైన నికెల్ పూత పూసిన రాగిమూత బిగిస్తారు. దానిమీద కూలర్, ఆ పైన ఫ్యాన్. రాగి వేడిని బాగా మోస్తుంది. మరి మూత తప్పేమీ లేదా? చాలావరకు లేదు. 2011లో వచ్చిన ముందు తరం ప్రాసెసర్లలో సిలికాన్‌నీ మూతనీ లోహంతో టంకం వేసి అతికించారు. 2012 తరానికి వచ్చేసరికి టంకం తీసేసి మధ్యలో థర్మల్ పేస్ట్ పూశారు. మూత అంచుల చుట్టూ వేసిన జిగురు మందం వల్ల సిలికాన్‌కూ మూతకూ మధ్య సన్నని ఎడం కూడా మిగిలింది. ఏళ్ళు గడిచేకొద్దీ ఆ పేస్ట్ ఎండిపోతుంది. పైన ఎన్ని ఫ్యాన్లు పెట్టినా అవి చల్లార్చేది మూతనే. లోపల ఉడుకుతున్నది ఉడుకుతూనే ఉంటుంది.

ఇది చదివినప్పుడు నాకు మా అమ్మ గుర్తొచ్చిందంటే మీకు ఆశ్చర్యమేమీ ఉండదు. ఒళ్ళో చాట పెట్టుకుని రోజుకు వెయ్యి బీడీలు చేసిన మనిషి. తంబాకు ఎగురుతుందని నడి ఎండాకాలంలోనూ ఫ్యాన్ వేసుకోలేదు. ఇంటికొచ్చిన వాళ్ళు మాత్రం "నీకేం వదినె, నీడపట్టున కూసోని చేసే పని" అనేవాళ్ళు.

అయితే మూతను దోషిని చేసి తేలిగ్గా తప్పించుకోలేం. 2001లో వచ్చిన ఏఎమ్‌డీ అథ్లాన్ ఎక్స్‌పీకి మూత లేదు. కూలర్ కొంచెం వాలుగా బిగిస్తే సిలికాన్ మూలలు పెచ్చులూడిపోయేవి. 2003లో అథ్లాన్ 64కు మూత పెట్టారు. ఇంటెల్ 2000లోనే పెంటియం 4కు పెట్టింది. లాప్‌టాప్ ప్రాసెసర్లకు మాత్రం ఇప్పటికీ ఎక్కువగా మూత ఉండదు, ఎందుకంటే వాటిని ఫ్యాక్టరీలోనే కొలత ప్రకారం బిగిస్తారు. అంటే మూత ప్రాసెసర్ స్వభావంలో లేదు. ఎవరి చేతుల్లో పడుతుందో తెలియని భయంలోంచి వచ్చింది. రక్షణ పేరుతో వచ్చే చాలా మూతలు ఇలాంటివే. భయం అబద్ధం కాదు. కానీ దాని ఖరీదు లోపలున్నదే కడుతుంది.

తియ్యాలని నిర్ణయించుకున్నాను. సన్నని బ్లేడుతో మూత అంచు వెంట జిగురును కోసుకుంటూ పోవాలి. లోపలికి దిగితే సిలికాన్ గీసుకుంటుంది, కింది ఆకుపచ్చ పలకలో తీగలు తెగుతాయి. అమ్మ పక్కన కూర్చుని సెల్‌ఫోన్ లైటు పట్టుకుంది. యాభై ఏళ్ళు తునికాకు కత్తిరించిన చెయ్యి ఆమెది. "లోపటికి పోనియ్యకు బిడ్డా, అంచు పొంటే జరుపు. తొందరేం లేదు" అంటూనే ఉంది. మూత ఊడొచ్చాక వంగి చూసి, "గింతదానికేనా గంత గాలి?" అని నవ్వింది.

ఎండిన పేస్ట్ తుడిచేసి, సాకెట్ పైనుండే ఇనుప చట్రం కూడా తీసేశాను. అది ప్రాసెసర్‌ను పట్టుకునేది మూత అంచుల మీదనే. ఇక పట్టుకోవాల్సింది కూలరే. గాలియం కలిసిన ద్రవలోహం పూస్తే వేడి ఇంకా బాగా పోతుంది గానీ, అది పక్కకు జారితే షార్ట్ అవుతుంది, అల్యూమినియం తగిలితే తినేస్తుంది. మామూలు పేస్టే పూశాను. నాలుగు స్క్రూలను ఎదురెదురు మూలల్లో అర చుట్టు చొప్పున బిగించాను. ఎక్కువైతే పగులుతుంది, తక్కువైతే తగలదు. బీడీకి దారం చుట్టేటప్పుడు అమ్మ చెప్పిన లెక్కే. ఆ సాయంత్రం అదే పని చేస్తే వేడి 78 దాటలేదు.

తీసిన మూత నా బల్లమీద ఉంది. దానిమీద కంపెనీ పేరు, నంబరు, "మలయ్" అన్న మాట చెక్కి ఉన్నాయి. ఇంటెల్ 1972లో మలేషియాలోని పెనాంగ్‌లో తన కూర్పు కర్మాగారం తెరిచింది. ఆ దేశానికి వచ్చిన ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీల్లో మైక్రోస్కోపుల ముందు కూర్చున్న వాళ్ళు ఎక్కువగా పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. సెలాంగోర్‌లోని జపాన్ కంపెనీల ఫ్యాక్టరీల్లో అలాంటి పిల్లలకు పూనకాలు రావడం గురించి ఐహ్వా ఓంగ్ 1987లో పుస్తకం రాసింది. యాజమాన్యాలు దాన్ని జబ్బు అన్నాయి, ఆమె అందులో ప్రతిఘటన చూసింది. పూనకం అంటే ఏమిటో మన ఊళ్ళలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. మూతమీద దేశం పేరుంది. చేసినవాళ్ళ పేరు మూత పైనా లేదు, కిందా లేదు.

ఇప్పుడు నా ప్రశ్నకు వస్తాను. మూత తీసిన ప్రాసెసర్‌ను ఆ తర్వాత వదిలేయడానికి వీల్లేదు. వేడెక్కి చల్లారినప్పుడల్లా పేస్ట్ కొంచెం కొంచెం పక్కకు జరుగుతుంది. అప్పుడప్పుడు విప్పి, తుడిచి, మళ్ళీ పూయాలి. మూత ఉన్నప్పుడు అది మోసిన బరువు ఇప్పుడు నా చేతిమీద ఉంది. మరి ఆ అరవై గంటల్లో మాట్లాడిన ఆడవాళ్ళ సంగతి? పరిశోధకులం, రచయితలం, స్త్రీల జీవితాల మీద కప్పిన మూతలు తియ్యడమే మన పని అని చెప్పుకుంటాం. తీశాక సెమినార్లో పేపరు చదివి ఇంటికొస్తాం. ఆమె మాత్రం ఆ ఇంట్లోనే, అదే వేడిలో, ఈసారి మూత కూడా లేకుండా ఉంటుంది.

ఒకామె గంటన్నర మాట్లాడింది. మర్నాడు పొద్దున్నే మా ఇంటికొచ్చి, "చెప్పిన గని బిడ్డా, మా కోడలు చూస్తే ఇల్లు ఆగమైతది. మొఖం వద్దు. మాట ఉండనియ్యి. ఒక్కకాడ మాత్రం మాట గూడ వద్దు" అంది. ఎంత మూత తియ్యాలో, ఎక్కడ ఉంచాలో అంత స్పష్టంగా చెప్పింది. ఆమె చెప్పిన ఆ ఒక్క చోటే మొత్తం వీడియోలో బలమైన చోటు. అది ఉంటే నా పని పదిమందీ చెప్పుకునేదవుతుందని నాకు తెలుసు. అయినా తీసేశాను. ముఖం ఉన్నచోట ఆమె చేతులు పెట్టాను, ఆకు కత్తిరిస్తున్న చేతులు.

కంప్యూటర్ ఇప్పుడు ఆగకుండా పనిచేస్తోంది. ఆ వీడియో తయారైంది. వచ్చే ఆదివారం ఆమెకు చూపిస్తాను. ఆమె చూసి సరేనన్నాకే అది ఈ గది దాటి బయటికి వెళ్తుంది.