చెరకు దారిలో బండి కట్టే చేతులు

నిజామాబాదు నుంచి బోధన్‌కు దారి పాతిక కిలోమీటర్లకు కాస్త పైన. ఎడపల్లి మీదుగా, పచ్చని వరి మడుల నడుమ సాగే ఈ బాట ఒకనాడు చెరకు దారి. మంజీర నదిపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేలకు నీరిచ్చింది. ఆ నీటి అండతోనే 1937లో బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. ఆసియాలోనే పెద్ద చక్కెర మిల్లుగా అది పేరు పొందింది. దాని చుట్టూ పెరిగిన పేటకు ‘శక్కర్‌నగర్’ అనే తీయని పేరు నిలిచిపోయింది.

చెరకు నిలవ ఉండే పంట కాదు. నరికిన గడ వేళకు గానుగ చేరకపోతే అందులోని చక్కెర తరుగుతుంది. బరువు కూడా తగ్గి రైతు నష్టపోతాడు. అందుకే చెరకు సీమలో పొలం తరువాత బండికే ప్రాధాన్యం. మొదట ఎడ్లబండ్లు, తరువాత ట్రాక్టర్లు, లారీలు వచ్చాయి. వాటి వెంటే బండి కట్టే పనివారూ వచ్చారు. వడ్రంగి ఇంట రంపం, కమ్మరి ఇంట సుత్తి ఉన్నట్లే, నిజామాబాదు షెడ్లలో వెల్డింగు మంట, డెంటింగు చప్పుడు, రంగుల వాసన కలగలిసి ఉంటాయి. ఆ షెడ్లలో పని ఉస్తాద్ చేతి నుంచి షాగిర్ద్ చేతికి అందుతుంది. కొలతలు ఉర్దూలో, బేరం తెలుగులో సాగుతాయి.

చక్రాలు, ఇంజను బయటినుంచి రావడం, పై బాడీని మన చేతులు కట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1932 జూన్‌లో నిజాం ప్రభుత్వ రైల్వే 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. 1942లో స్థాపితమైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ బస్సు బాడీల నిర్మాణంలో పేరు తెచ్చుకొంది. అదే సంస్థ 1980లలో జపాన్‌కు చెందిన నిస్సాన్ సహకారంతో జహీరాబాదులో చిన్న లారీలను తయారుచేసింది. పెద్ద కర్మాగారాలలో జరిగిన ఆ పనికి చిన్న రూపమే మన పట్టణాల్లోని బాడీ షెడ్లు.

1986లో వచ్చిన టాటా 407 బండిని ఈ దారిలో ఎరుగనివారు ఉండరు. కూరగాయలు, పసుపు, ఇటుకలు, పెళ్లి సామాను, అన్నింటినీ అది మోసింది. ఏళ్లు గడిచాక అలాంటి బండి షెడ్డుకు వస్తే ఉస్తాద్ ముందుగా రంగు చూడడు. క్యాబిన్ నేలను, తలుపు దిగువ అంచును, చాసిస్‌ను సుత్తితో తట్టి చూస్తాడు. తుప్పు తిన్న రేకును కోసివేసి కొత్త రేకు అతుకుతాడు. లప్పం పట్టించి, ఉప్పు కాగితంతో రుద్ది, ఆపైన రంగు వేస్తాడు. కుళ్లిన చెక్క బాడీ స్థానంలో ఇనుప బాడీ కడతాడు. దానిని చాసిస్‌కు నేరుగా వెల్డు చేయక, నడుమ చెక్క లేదా రబ్బరు పెట్టి యూ బోల్టులతో బిగించడం మంచి పనివాని గుర్తు. మంట తగిలినచోట చాసిస్ ఉక్కు బలహీనపడుతుందని అతనికి తెలుసు.

అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. “పక్క పలకలు రెండడుగులు పెంచు, కమాన్ పట్టీలు రెండు ఎక్కువ వెయ్యి” అని యజమాని కోరతాడు. కమాన్ గట్టిపడినంత మాత్రాన బ్రేకులు, టైర్లు, ఇరుసు గట్టిపడవు. సరుకు ఎత్తు పెరిగినకొద్దీ మలుపులో బండి పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. బాడీ బరువు కూడా అనుమతించిన మొత్తం బరువులోనిదే. ఇనుము ఎంత పెరిగితే మోయదగిన సరుకు అంత తగ్గుతుంది. వెనుకకు వేలాడే చెరకు గడలు ఎర్ర దీపాలను కప్పివేస్తే, చీకటిలో వెనుక వచ్చే మోటారు సైకిలు మీది కుటుంబానికి ముందు బండి ఉన్నదనే తెలియదు.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. రిజిస్ట్రేషన్‌లోని వివరాలకు భిన్నంగా బండి రూపాన్ని మార్చరాదని 1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను నిర్దేశిస్తోంది. అధిక బరువుకు 2019 సవరణ ప్రకారం 20 వేల రూపాయల జరిమానా, ఎక్కువైన ప్రతి టన్నుకు మరో 2 వేలు. అయితే అధికారి కంట పడని రాత్రులు ఎన్నో ఉంటాయి. ఆ రాత్రులకు కాపలా పనివాని మనస్సాక్షి ఒక్కటే.

ఆ మనస్సాక్షికి నేడు బరువు పెరిగింది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లిన బోధన్ కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు సాగు తగ్గిపోయింది. పండిన చెరకు దూరపు మిల్లులకు పోవలసి వచ్చింది. దూరం పెరిగితే కిరాయి పెరుగుతుంది. కిరాయి గిట్టాలంటే ఒక్క విడతలోనే ఎక్కువ నింపాలనే ఆశ పుడుతుంది. బండి యజమానిని మాత్రమే నిందించి లాభం లేదు. అతని వెనుక వాయిదా అప్పు ఉంది, ఇంటి ఖర్చు ఉంది. అయినా, ఆ కష్టాన్ని దారిన పోయే అమాయకుని ప్రాణంతో తీర్చుకోవడం న్యాయం కాదు.

ఈ పనిలో పిల్లల భవిష్యత్తు కూడా ముడిపడి ఉంది. పద్నాలుగేళ్లు నిండని బాలుణ్ణి షెడ్డులో పనికి పెట్టుకోవడాన్ని చట్టం నిషేధించింది. కళ్లద్దాలు లేని వెల్డింగు, ముక్కుకు గుడ్డ లేని రంగుపని లేత వయసును తినివేస్తాయి. తల్లిదండ్రులు కొడుకును ముందు బడికి పంపాలి. ఎనిమిదో తరగతి దాటినవారికి ఐటీఐలో వెల్డర్ శిక్షణ ఉంది. ఆ చదువుకు ఉస్తాద్ అనుభవం తోడైతే షాగిర్ద్ సుత్తితోపాటు కొలబద్దనూ, చట్టాన్నీ చేతబడతాడు.

బండి తెచ్చినవాడు డబ్బు ఇస్తాడు. కానీ రోడ్డుమీది ప్రతి ప్రాణమూ ఆ పనివానికి అమానత్. ఆ అమానత్‌ను తలచుకొని “ఈ పలక ఇంతకుమించి పెంచను” అనగలిగిన ఉస్తాద్‌కు ఒక బేరం పోవచ్చు. అతని ఇంటికి చేరే రొట్టె మాత్రం నిష్కళంకమైనది. పాత 407కు కొత్త రంగు వేయించదలచినవారు, రంగు ఎన్నుకోవడానికి ముందే అలాంటి ఉస్తాద్‌ను వెతుక్కోవడం మేలు.